బడి పత్రికకు ఏ సాఫ్ట్‌వేర్? రాయడానికి ఒకటి, పేజీ పెట్టడానికి ఇంకొకటి

ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెలుగు బడి పత్రికకు పనికొస్తుందో లేదో తేల్చడానికి ఒక్క వాక్యం చాలు:

"రాష్ట్రస్థాయి వైజ్ఞానిక ప్రదర్శనలో జ్యోత్స్న తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కు ఉత్కృష్ట బహుమతి."

దీన్ని టైపు చేసి, పీడీఎఫ్ తీసి, ప్రింటు వేసి చూడండి. 'ష్ట్ర'లో రెండు వత్తులూ ష దగ్గరే ఒదిగి ఉండాలి. 'త్స్న' ముక్కలు కాకూడదు. 'సాఫ్ట్‌వేర్'లో 'వే' నిండు అక్షరంగా నిలబడాలి. అది ఫ దగ్గర వత్తుగా మారిపోయి 'సాఫ్ట్వేర్' అయిందంటే, పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య అడ్డంగా ఉండే కనిపించని గుర్తు ఎక్కడో రాలిపోయిందన్నమాట. తెర మీద చక్కగా కనిపించి పీడీఎఫ్‌లో చెదిరిపోయే సందర్భాలు ఉంటాయి. అందుకే కాగితం మీద చూడందే ఏదీ ఖాయం చేసుకోవద్దు.

రెండో పని, ప్రింటు వేయించే చోటికి వెళ్ళి మాట్లాడటం. మన ఊళ్ళలో చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 అనే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే పని చేస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలుగు (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే తెలుగు) అర్థం కాదు. అను ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి, కాబట్టి ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే మేటర్ పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. మీ పిల్లలు ఫోన్లో కొట్టేదంతా యూనికోడే. దాన్ని కన్వర్టర్‌తో అనులోకి మార్చినప్పుడు పైన చెప్పిన కనిపించని గుర్తు, కొటేషన్ మార్కులు, మధ్యలో వచ్చే ఇంగ్లిషు మాటలు దెబ్బతింటాయి. అప్పటిదాకా చూసిన ప్రూఫ్ అంతా మళ్ళీ మొదటినుంచి చూడాలి. ఈ బాధ లేకుండా, "పేజీలు మేమే పెట్టుకుంటాం, పీడీఎఫ్ ఇస్తాం, ప్రింటు మాత్రం వేయండి" అని ముందే ఒప్పందం చేసుకోండి. ఆ సెంటర్లో ఏ3 కాగితం మీద రెండు వైపులా వేస్తారా, జిరాక్సా, ఆఫ్‌సెట్టా అన్నది కూడా అప్పుడే అడగండి.

ఇక అసలు ఎంపిక. అందరూ కలిసి రాయడం, పేజీ పెట్టడం వేర్వేరు పనులు. రెంటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌తో చేయాలని చూస్తే రెండూ అరకొరగా మిగులుతాయి.

రాయడానికి గూగుల్ డాక్స్ సరిపోతుంది. ఒకే ఐటమ్‌ను (వార్త, కథ, ఏదైనా) నలుగురు ఒకేసారి తెరిచినా గొడవ రాదు, ఎవరు ఏం మార్చారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. దిద్దేటప్పుడు సజెస్టింగ్ మోడ్ పెట్టుకోండి. పిల్లవాడు రాసిన 'చేసినారు'ను మీరు 'చేశారు'గా మారిస్తే పాత మాట మీద గీత పడుతుంది, కొత్త మాట పక్కన రంగులో వస్తుంది. తన వాక్యం ఎక్కడ ఎందుకు మారిందో వాడికి కళ్ళెదుట కనిపిస్తుంది. బడి పత్రికకు ఇంతకంటే విలువైన సదుపాయం లేదు. తుడిచేసి తిరగరాస్తే పత్రిక బాగుపడవచ్చు, పిల్లవాడు మాత్రం ఏమీ నేర్చుకోడు.

లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయొచ్చు అనే సెట్టింగ్ మాత్రం వద్దు. లాగిన్ కాకుండా వచ్చినవాళ్ళ పేరు హిస్టరీలో తెలియదు, ఐటమ్ సగం మాయమైతే ఎవర్ని అడగాలో కూడా తెలియదు. మామూలు గూగుల్ ఖాతాకు మన దేశంలో 13 ఏళ్ళు నిండాలి, ఆరేడు తరగతుల పిల్లల్లో చాలామందికి నిండవు. బడి తరఫున గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ తీసుకుంటే (అర్హత ఉన్న బడులకు దాని ప్రాథమిక రకం ఉచితం) ఆ చిక్కు ఉండదు. లేదంటే చిన్న తరగతుల ఐటమ్‌లను టీచరు ఖాతాలోనే కొట్టించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. కాబట్టి పేర్లూ ఫోటోలూ వేయడానికి తల్లిదండ్రుల సంతకం ఏడాది మొదట్లోనే తీసుకుని పెట్టుకోండి.

డ్రైవ్‌లో నాలుగు ఫోల్డర్లు చాలు: వచ్చినవి, దిద్దుతున్నవి, ఫైనల్, పేజీకెక్కినవి. ఐటమ్ 'ఫైనల్'లోకి వెళ్ళగానే ఎడిటర్లుగా ఉన్నవాళ్ళందరినీ వ్యూయర్లుగా మార్చాలి. ఇది మరిచిపోతేనే పెద్ద నష్టం. పేజీలో పెట్టేసిన తర్వాత ఎవరో డాక్స్‌లో తప్పు దిద్దుతారు, అది పేజీలోకి రాదు, అచ్చులో పాత తప్పే పడుతుంది. ఆ తర్వాత కనిపించే తప్పుల్ని ప్రింటు తీసిన ప్రూఫ్ మీద ఎర్ర పెన్నుతోనే దిద్దాలి.

పేజీ పెట్టడానికి మా మొదటి ఎంపిక స్క్రైబస్. ఉచితం, విండోస్ మీదా లినక్స్ మీదా నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. పాత 1.4 వెర్షన్లో తెలుగు వత్తులు విడిపోయేవి. ఇప్పటికీ చాలామంది "స్క్రైబస్‌లో తెలుగు రాదు" అనడానికి కారణం అదే. 2024 జనవరిలో వచ్చిన 1.6 గానీ ఆ తర్వాతిది గానీ వేసుకోండి. ఇందులో ఒక ఫైలు మీద ఒక్కరే పని చేయగలరు. దాన్ని లోపంగా అనుకోనక్కర్లేదు, పేజీకి ఒక్కరే బాధ్యులుగా ఉండటం మంచిది. నాలుగు పేజీల్ని నలుగురు పెట్టాలంటే పేజీకో ఫైలు చేయండి. ఫాంట్లు మాత్రం అన్ని కంప్యూటర్లలోనూ అవే ఉండాలి, లేకపోతే తెరిచేటప్పుడు వేరే ఫాంటు పెట్టమని అడుగుతుంది, లైన్లన్నీ కదిలిపోతాయి.

నెట్‌లో డిజైన్లు చేసుకునే క్యాన్వా సంగతి వేరు. టీచర్లకు దాని ఎడ్యుకేషన్ రకం ఉచితం, ఒకే పేజీ మీద అందరూ కలిసి పని చేయొచ్చు, పిల్లలకు ఒక్కరోజులో పట్టుబడుతుంది. కానీ ఒక కాలమ్‌లో పట్టని మేటర్ పక్క కాలమ్‌లోకి తనంతట తాను పారదు, చేత్తో కత్తిరించి అతికించాలి. మధ్యలో ఒక వాక్యం తీసేస్తే మళ్ళీ అన్ని పెట్టెలూ సర్దాలి. పోస్టరుకు, ముఖచిత్రానికి, గోడ పత్రికకు క్యాన్వా వాడండి. నిండా వార్తలుండే పేజీకి వద్దు. అడోబీ వారి పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ బడిలో ఇప్పటికే ఉంటే భేషుగ్గా పనికొస్తుంది. అందులో వత్తులు చెదిరితే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. లేనివాళ్ళు మాత్రం ఏటేటా చందా కట్టి కొనాల్సిన పని లేదు.

కొలతలు ఒకసారి స్థిరం చేసుకుంటే ప్రతి సంచికకూ అవే. ఏ4 పేజీకి నాలుగు వైపులా 15 మి.మీ. మార్జిన్, రెండు కాలమ్‌లు, మధ్యలో 6 మి.మీ. ఖాళీ. అంటే కాలమ్ వెడల్పు 87 మి.మీ. మూడు కాలమ్‌లు పెడితే లైనుకు మూడు నాలుగు మాటలే పడతాయి. తెలుగు మాటలు పొడవు కాబట్టి రెండు అంచులూ సమం చేసినప్పుడు మధ్యలో పెద్ద పెద్ద సందులు పడతాయి. మేటర్‌కు మండలి ఫాంటు 11 పాయింట్లలో, లైన్ స్పేసింగ్ 16 పాయింట్లు. హెడ్డింగుకు రామభద్ర. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. లైన్ స్పేసింగ్‌ను ఆటోమేటిక్‌లో వదిలేయొద్దు, ఫిక్స్‌డ్ పెట్టండి. ఇంగ్లిషుకు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు, పై లైను వత్తులు కింది లైను గుడికి తగులుతాయి. హెడ్డింగూ ఒక ఫోటో పోగా ఇలాంటి పేజీకి సుమారు 350 మాటలు పడతాయి. పిల్లలకు ఐటమ్ అప్పగించేటప్పుడే ఈ లెక్క చెప్పండి.

స్క్రైబస్‌లో కాలమ్ పెట్టె కింద కుడి మూలన ఎర్ర గుర్తు కనిపిస్తే మేటర్ ఇంకా మిగిలిందని అర్థం. అది చూడకుండా పీడీఎఫ్ తీస్తే వార్త చివరి వాక్యాలు గల్లంతే.

ఫోటోల్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపించండి. 87 మి.మీ. వెడల్పున 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) అచ్చు కావాలంటే ఫోటో వెడల్పు కనీసం 1030 పిక్సెళ్ళు ఉండాలి. జిరాక్స్ అయితే ఫోటోను కాస్త తెల్లగా చేసి పెట్టండి, లేకపోతే ముఖాలు నల్లబడతాయి.

పేజీలు ఎప్పుడూ నాలుగు చొప్పునే: 4, 8, 12. ఎనిమిది పేజీలకు ఏ3 కాగితాలు రెండు. మొదటి కాగితం ముందు 8-1, వెనక 2-7, రెండో కాగితం ముందు 6-3, వెనక 4-5. దీన్ని చేత్తో అమర్చనక్కర్లేదు, పేజీలన్నిటినీ వరుసగా ఒకే పీడీఎఫ్ చేసి అడోబీ రీడర్ ప్రింట్ మెనూలో బుక్‌లెట్ ఎంచుకుంటే చాలు. రెండు వైపులా ప్రింటు వేసేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమని పెట్టాలి. పొడవు అంచు మీద తిప్పితే వెనక పేజీలు తలకిందులుగా వస్తాయి. ముందు ఒక్క ప్రతి తీయించి, మడిచి, పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే మిగతావి వేయించండి.