పిల్లల్ని బళ్లో ఎప్పుడు వేయాలి? ఒకటో తరగతి నుంచి వెనక్కి లెక్కేయండి

మార్చి వచ్చిందంటే నెల్లూరు, ఒంగోలు వీధుల్లో స్కూళ్ల ఫ్లెక్సీలు లేస్తాయి. "రెండున్నర నిండిందా, వేసేయండి, సీట్లు అయిపోతాయి" అని ఇంటికొచ్చి మరీ చెబుతారు. ఆ తొందరలో పడితే లెక్క తలకిందులవుతుంది. ముందు తేల్చుకోవాల్సింది నర్సరీ వయసు కాదు, ఒకటో తరగతి వయసు.

విద్యాహక్కు చట్టం (2009) ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు వర్తిస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఆరు వరకు ఆటపాటల దశ అనీ, ఆరు నిండాకే ఒకటో తరగతి అనీ అంటుంది. మన దగ్గర స్టేట్ సిలబస్ బళ్లలో అయిదు నిండితే ఒకటిలో చేర్చుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కేంద్రీయ విద్యాలయాల్లో మాత్రం మార్చి 31 నాటికి ఆరు నిండి తీరాలి. ఈ తేడా తెలియకే చాలామంది ఇరుక్కుంటారు.

2020 ఆగస్టులో పుట్టిన బిడ్డను తీసుకోండి. 2024 జూన్‌లో ఎల్‌కేజీ, ఆ మరుసటేడు యూకేజీ, 2026 జూన్‌లో అయిదేళ్ల పది నెలలకు ఒకటో తరగతి. స్టేట్ సిలబస్‌లో ఏ చిక్కూ లేదు. కేంద్రీయ విద్యాలయానికి వెళ్తే 2026 మార్చి 31 నాటికి అయిదేళ్ల ఏడు నెలలే, తీసుకోరు. యూకేజీ మళ్లీ చదివించాలి, లేదా ఏడాది ఇంట్లో ఉంచాలి. అందుకే చివరికి ఏ బడికి పంపుతారో ముందే అనుకుని, ఆ బడి వయసు లెక్క ఏ తేదీ నాటికి చూస్తుందో అడిగి, అక్కడి నుంచి వెనక్కి రండి. స్టేట్ సిలబస్ బడికైతే, ఒకటికి అయిదున్నర నుంచి ఆరు మధ్య పెట్టుకుంటే యూకేజీకి నాలుగున్నర నుంచి అయిదు, ఎల్‌కేజీకి మూడున్నర నుంచి నాలుగు వస్తుంది. నర్సరీ తప్పనిసరేమీ కాదు.

ఒక ఏడాది ముందు వేస్తే ఒక ఏడాది కలిసొస్తుందనుకునేవాళ్లు, డాక్టరు చదువుకు రాసే నీట్ పరీక్ష వయసు నిబంధన చూడాలి. అడ్మిషన్ పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి పదిహేడు నిండాలి. 2026 జూన్‌లో ఒకటిలో చేరిన పిల్లలు ఇంటర్ ముగించేది 2038 మార్చిలో. అంటే 2021 డిసెంబరు 31లోపు పుట్టి ఉండాలి. 2022 జనవరిలో పుట్టిన పిల్లను నాలుగేళ్ల అయిదు నెలలకే ఒకటిలో వేస్తే, కొద్ది రోజుల తేడాతో ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది. కలిసొచ్చిందనుకున్న ఏడాది కాస్తా అక్కడ పోతుంది. బడికెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఒకటో తరగతి నుంచే వస్తుంది కాబట్టి ముందే ఎక్కించేద్దామని చూసేవాళ్లూ ఉన్నారు. అది కూడా ఇలాంటి లెక్కే.

కాయితం మీద వయసు సరిపోయాక బిడ్డను చూడండి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది దొడ్డికి, ఒంటేలుకు వెళ్లే సంగతి. ఇంట్లో ఎలాస్టిక్ నిక్కరుతో బాగానే వెళ్లొచ్చే పిల్లాడు హుక్కు, జిప్పు, బెల్టు ఉన్న యూనిఫాం వేస్తే తడబడి తడిపేసుకుంటాడు. యూనిఫాం తెచ్చిన రోజు నుంచే అది వేసి అలవాటు చేయండి. ఇంకొకటి, టీచరమ్మ దగ్గర ఇంగ్లీషులోనే అడగాలనే స్కూళ్లు ఉన్నాయి. మూడున్నరేళ్ల పిల్ల ఆ మాట రాక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుంటుంది, మూత్రంలో మంట తెచ్చుకుంటుంది. తెలుగులో అడిగితే పంపుతారా లేదా అని చేర్చకముందే అడగండి. నసిగితే ఆ స్కూలు వద్దు.

తర్వాత చేతివేళ్లు. మామూలుగా పిల్లలు మూడేళ్లకు గుండ్రం, నాలుగేళ్లకు కూడిక గుర్తు, నాలుగున్నర ప్రాంతంలో చతురస్రం, అయిదుకు త్రిభుజం చూసి గీయగలుగుతారు. ఏటవాలు గీత ఆఖర్న వస్తుంది. అలాంటప్పుడు మూడున్నరకే నాలుగు గీతల కాపీలో ఇంగ్లీషు పెద్దక్షరాలు రాయమంటే పెన్సిల్ పిడికిట్లో పట్టుకుని, కాగితం చిరిగేలా నొక్కి, ఏడుస్తారు. మొండితనం కాదది, వేళ్లలో ఇంకా బలం చాలక. పలకా బలపం పక్కనబెట్టి శెనక్కాయలు ఒలిపించండి, బట్టల క్లిప్పులు తీసి పెట్టమనండి, పళ్లెంలో బియ్యం పోసి వేలితో గీయించండి. మూడో ఏట అక్షరాభ్యాసం చేశామంటే ఓంకారం దిద్దించామని, కాపీ రాయించాలని కాదు.

ఇవి కాక, టిఫిన్ డబ్బా మూత తనే తీసుకోవాలి. "చెప్పులు విప్పి, సంచి అక్కడ పెట్టు" అంటే రెండూ చేయాలి. అమ్మ కనబడకుండా రెండు మూడు గంటలు అమ్మమ్మ దగ్గరో పక్కింట్లోనో ఉండగలగాలి. అంకెలు వచ్చా రాలేదా అన్నది చూడక్కర్లేదు.

బస్సు మాట చాలామంది పట్టించుకోరు. మూడు నుంచి అయిదేళ్ల వాళ్లకు పగటి కునుకుతో కలిపి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. బుచ్చిరెడ్డిపాలెం నుంచో కోవూరు నుంచో నెల్లూరుకు, టంగుటూరు నుంచి ఒంగోలుకు పంపాలంటే, ఏడుంబావు బస్సుకు ఆరింటికి లేపాలి. స్కూల్లో పడుకోనివ్వకపోతే రాత్రి ఎనిమిదికల్లా నిద్రపోవాలి. మీ ఇంట్లో సీరియళ్లు పదింటిదాకా నడుస్తుంటే ఇది జరగదు. నాలుగు నిండేదాకా నడిచిపోయే దూరంలోని బడే మేలు. పైగా బళ్లు తెరిచే జూన్ పన్నెండు ప్రాంతంలో మన రెండు జిల్లాల్లో వడగాడ్పు ఇంకా తగ్గదు. వర్షం పడి చల్లబడేదాకా ఒంటిపూట పంపుతామంటే చిన్న తరగతులకు చాలా స్కూళ్లు కాదనవు.

తల్లిదండ్రులిద్దరూ పొగాకు గ్రేడింగుకో, రొయ్యల గుంటల పనికో వెళ్లేవాళ్లకు పై లెక్కంతా కుదరదు. ఇంట్లో చూసేవాళ్లు లేనప్పుడు మూడు నిండగానే అంగన్‌వాడీలో వేయడం సరైన పని. గుడ్డు, పాలు, మధ్యాహ్నం అన్నం అక్కడే దొరుకుతాయి, బిడ్డ ఊళ్లోనే ఉంటుంది.

కాగితాల దగ్గరికొస్తే, 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో పుట్టినతేదీ రుజువు జనన ధ్రువపత్రమే. పెద్దవాళ్లలో ఎంతమందికి జూన్, జూలై తేదీలు ఉంటాయో తెలుసుగా, పంతులుగారు రాసిచ్చిన పుట్టినరోజులవి. ఆ రోజులు పోయాయి. కాన్పు పుట్టింట్లో జరిగితే ధ్రువపత్రం బిడ్డ పుట్టిన ఊరి పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచే వస్తుంది, మెట్టినూరి నుంచి కాదు. పేరు రాయించకుండా తెచ్చుకున్న పత్రమైతే ముందు పేరు ఎక్కించండి. ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, ఇక్కడ ఒకలా ఉంటే చేర్పించకముందే సరిచేయించండి. అయిదు నిండాక ఆధార్‌కు వేలిముద్రలు ఇవ్వడం మరవద్దు.

చేర్పించాక మొదటి ఆరు వారాలు గమనించండి. గేటు దగ్గర ఏడుపు రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, దానికి భయపడక్కర్లేదు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, డబ్బా రోజూ నిండుగా తిరిగొచ్చినా, సాయంత్రం బస్సులోనే సోలిపోతున్నా ఆపేసి వచ్చే జూన్‌కు పంపండి. ఎల్‌కేజీలో ఆపితే పోయేది ఫీజు మాత్రమే. ఒకటో తరగతిలో పేరెక్కి, ప్రభుత్వం బడిపిల్లల వివరాలు ఉంచే చైల్డ్ ఇన్ఫోలో పడ్డాక వెనక్కి రావడం కష్టం కాబట్టి, ఆపాలనుకుంటే యూకేజీ లోపే ఆపండి.