బ్రాంప్టన్‌లో తీసే తెలుగు సిరీస్ 'కెనడియన్' లెక్కలోకి ఎక్కాలంటే

టొరంటో, బ్రాంప్టన్ సైడు మనవాళ్లు షార్ట్ ఫిల్ములు దాటి వెబ్ సిరీస్‌ల మీద పడ్డారు, మంచిదే, కానీ తెలుగులో తీస్తే కెనడియన్ కంటెంట్ ఎలా అవుద్దిలే అని ఆ గుర్తింపు వైపే చూడట్లేదు. భాషతో పని లేదండి, ఎవరు పనిచేశారు, డబ్బు ఎక్కడ ఖర్చయింది, ఇవే చూస్తారు. 2023 ఆన్‌లైన్ స్ట్రీమింగ్ చట్టంతో ఓటీటీలకి కూడా లోకల్ కంటెంట్ బాధ్యత పడింది. మీకు కావాల్సింది కావ్‌కో (సినిమాలు, సిరీస్‌లు కెనడియన్ అని తేల్చే ఫెడరల్ ఆఫీసు) సర్టిఫికెట్, అది ఉంటే అర్హత ఉన్న లేబర్ ఖర్చులో 25 శాతం టాక్స్ క్రెడిట్ వస్తుంది.

ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకముందే కావ్‌కో పాయింట్లు లెక్కేయండి, ఆ పని కెనడియన్ చేస్తేనే దాని పాయింటు వస్తుంది. డైరెక్టర్‌కి 2, రైటర్‌కి 2, ఎక్కువ రెమ్యునరేషన్ తీసుకునే ఇద్దరు ఆర్టిస్టులకి చెరొకటి, కెమెరా, ఆర్ట్, మ్యూజిక్, ఎడిటింగ్‌కి ఒక్కోటి, మొత్తం 10. కనీసం 6 రావాలి, అందులో డైరెక్టర్-రైటర్‌లో ఒకరు, ఆ ఇద్దరు ఆర్టిస్టుల్లో ఒకరు కెనడియన్ అయి తీరాలి. డైరెక్టరూ హీరో మ్యూజిక్ హైదరాబాద్ నుంచి తెచ్చారనుకోండి, 4 పోయాయి, మిగతావాళ్లంతా ఇక్కడివాళ్లైతే సరిగ్గా 6, ఇంకొకరు జారితే అంతే సంగతులు.

కెనడియన్ అంటే సిటిజనో పీఆరో (పర్మనెంట్ రెసిడెంట్). వర్క్ పర్మిట్, స్టడీ పర్మిట్ చెల్లవు, పైగా పని మొదలెట్టే రోజుకే పీఆర్ చేతిలో ఉండాలి, "వచ్చే నెల వచ్చేస్తుందన్నా" అనే ఎడిటర్‌ని నమ్ముకుని 6 మీద ఆగకండి. ప్రొడ్యూసర్ కూడా కెనడియనే అవ్వాలి.

ఎక్కువమంది బోల్తా పడే చాన్స్ ఉన్నది పోస్ట్ ప్రొడక్షన్ దగ్గర. షూట్ ఇక్కడ చేసి, చవకని హార్డ్ డిస్క్ హైదరాబాద్ పంపేసి డీఐ (కలర్ సరిచేసే పని), డబ్బింగ్, మిక్సింగ్ అన్నీ అక్కడే లాగించేస్తే ఎన్ని పాయింట్లొచ్చినా లాభం లేదు, పోస్ట్ ఖర్చులో 75 శాతం కెనడాలో జరిగిన పనికే పోవాలి. మిగతా సర్వీసుల ఖర్చుకీ 75 శాతం రూలే, అది కెనడియన్లకి వెళ్లాలి, అందుకే బిల్లులు మొదటి రోజు నుంచే విడివిడిగా దాచండి.

పూర్తయ్యాక రెండేళ్లలో కెనడాలో చూపించాలి, కావ్‌కో ఒప్పుకునే ఓటీటీ అయినా ఓకే, చూపిస్తామనే అగ్రిమెంట్ మాత్రం ఉండాలి. రియాలిటీ షో, గేమ్ షో ఐడియా అయితే అప్లికేషన్ జోలికే వెళ్లకండి, తీసుకోరు.