రెండో బాడీ ఫుల్ ఫ్రేమా, క్రాపా? లగ్గాలు తీసేవాళ్ల కోసం

నల్లగొండ దిక్కు లగ్గాలు తీసేవాళ్లలో చాలామంది దగ్గర ఒక ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా బాడీ, 24-70, 70-200 మి.మీ. లెన్సులు ఉంటాయి. రెండో బాడీ ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను బడ్జెట్ అడగను. ఏ ఫోటో చేజారుతోందని అడుగుతా.

సమస్య: జీలకర్ర బెల్లం పెట్టే టైముకు మీరు లెన్సు మారుస్తున్నారు

కారణం ఒక్క బాడీయే ఉండడం, సెన్సర్ సైజు కాదు. ఇక్కడ క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ ఉన్నది) చాలు. 70-200 దానికే పెట్టి ఉంచండి. నికాన్, సోనీ క్రాప్ బాడీల్లో దృశ్యం 1.5 రెట్లు దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి 105-300 లాగా పనిచేస్తుంది. మండపం ఎక్కకుండానే పెళ్లికూతురు తల్లి ముఖం దొరుకుతుంది. నల్లమలలో పిట్టలు తీసే అలవాటుంటే అక్కడా ఇదే మేలు: 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌ను క్రాప్ మోడ్‌లో పెడితే మిగిలేది సుమారు 10 మెగాపిక్సెళ్లే.

సమస్య: మెయిన్ బాడీ మొరాయించింది, గ్రూప్ ఫోటోలో చుట్టాలందరూ పట్టడం లేదు

చేతిలో మిగిలింది క్రాపే అయితే, 24-70 దాని మీద 36-105 అవుతుంది. వెనక్కి జరుగుదామంటే ఫంక్షన్ హాల్ గోడ. క్రాప్ కొంటే 17-50 ఎఫ్2.8 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ) లాంటి లెన్సు ఖర్చూ కలిపి లెక్కేయండి. ఆ లెన్సు ఫుల్ ఫ్రేమ్‌కు సరిగ్గా పనికిరాదు. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్సులైతే ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు ఎక్కనే ఎక్కవు.

సమస్య: తెల్లవారుజాము ముహూర్తంలో క్రాప్ ఫోటోల నిండా నాయిస్ (రంగు చుక్కలు)

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., క్రాప్ దాదాపు 23.5×15.6. వైశాల్యం రెండింతల పైనే తేడా. ఒకే ఎక్స్‌పోజర్‌లో క్రాప్‌కు అందే మొత్తం వెలుతురు స్టాపుంబావు దాకా తక్కువ (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది). నమ్మకం కుదరకపోతే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడి ముందు రెండు బాడీలతో ఐఎస్‌ఓ 6400లో (ఐఎస్‌ఓ అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) తీసి చూడండి. ఆ చీకట్లో తేడా దాగదు.

దీనికి మందు చవకే. ఎఫ్2.8 జూమ్ తీసి 50 ఎఫ్1.8 పెడితే వచ్చే లాభం కూడా సుమారు స్టాపుంబావే, లెక్క సరిపోతుంది. కాకపోతే జూమ్ సౌకర్యం పోతుంది. మీ లగ్గాల్లో సగం ఊళ్లల్లో, ఇంటి ముందు పందిట్లో, ట్యూబ్‌లైట్ల కింద జరిగేవైతే ఆలోచించకుండా ఫుల్ ఫ్రేమే తీసుకోండి. పాత మోడల్ సెకండ్‌హ్యాండ్‌దైనా సరే.

సమస్య: పసుపు ఒక బాడీలో నిమ్మపండు రంగు, ఇంకోదాంట్లో నారింజ

కారణం వేరే కంపెనీ బాడీ, ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగులను కెమెరానే సర్దుకోవడం). మౌంట్ (లెన్సు బిగించే చోటు) ఒకటే ఉన్న బాడీనే కొని, రెండింట్లో ఒకే కెల్విన్ (వెలుతురు రంగును తెలిపే అంకె) పెట్టండి. బ్యాటరీ కూడా కలిస్తే హాయి: నికాన్ డి750, డి7200లకు ఒకటే, కెనాన్ 6డి, 80డిలకూ ఒకటే. గడియారాలు కూడా ముందురోజే నిమిషంతో సహా కలిపి పెట్టుకోండి. లేకుంటే ఆల్బమ్ వరుస పేర్చేటప్పుడు తలంబ్రాల కంటే అప్పగింతలు ముందొస్తాయి.