దొరకని రిబ్బును కొత్తగా చేసుకోవడం: పాత ఏరోబాటిక్ విమానాల మరమ్మతు

వి.ఎం. ఘాట్గే నాయకత్వంలో బెంగళూరులోని విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌లో రూపుదిద్దుకుని 1951 ఆగస్టు 5న తొలిసారి ఎగిరిన హెచ్‌టీ-2 వంటి లోహపు శిక్షణ విమానాలు గాలిలో చేసే విన్యాసాలకు (ఏరోబాటిక్స్) కూడా పనికొచ్చేలా కట్టినవి. వాటి తయారీ ఆగిపోయి దశాబ్దాలైంది కాబట్టి, రెక్క నేలకు తగిలి రిబ్బు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పక్కటెముక లాంటి భాగం) నలిగిపోతే బజారులో మరొకటి దొరకదు, చేసుకోవలసిందే. కొత్త భాగం పాతదానికంటే బలంగా కాక, పాతదానితో సమానంగా ఉండాలన్నదే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం.

ఎగరవలసిన విమానానికి వేసే భాగాన్ని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ఆమోదిత డేటా ఆధారంగా, అందుకు అనుమతి ఉన్న నిర్వహణ సంస్థే చేయాలి. ప్రదర్శనకు ఉంచే విమానానికి అంత అవసరం లేకపోయినా, పద్ధతి అదే పాటించడం మంచిదని నా అభిప్రాయం.

కుడి రెక్క రిబ్బు పాడైతే ఎడమ రెక్కలో అదే స్థానంలో ఉన్న రిబ్బును కొలవండి. దాని ప్రతిబింబమే మీకు కావలసిన ఆకారం. నలిగినదాన్ని సుత్తితో సరిచేసి నమూనాగా వాడితే, సాగిపోయిన లోహం కొలతలను తప్పుగా చూపిస్తుంది. అయినా దాన్ని పారేయవద్దు, ఎందుకంటే మందం, మిశ్రమం, రివెట్ల వరుస తెలిసేది దానిలోనే. రంగు తీసేసి, వంగని చోట మైక్రోమీటరుతో అనేకచోట్ల కొలవండి. ఆ కాలపు డ్రాయింగుల్లో మందం బ్రిటిష్ గేజ్‌లో ఉండవచ్చు: 22 గేజ్ అంటే 0.71 మి.మీ. నేడు సులువుగా దొరికే రేకులు 0.64 మి.మీ., 0.81 మి.మీ. మందంలో ఉంటాయి. వీటిలో ఏది వాడాలో నిర్ణయించవలసింది స్ట్రెస్ (భాగం మీద పడే ఒత్తిడి) లెక్కలు చూసే ఇంజనీరే.

మందం కాస్త ఎక్కువైతే మంచిదే కదా అనే ఆలోచన ఇక్కడ ప్రమాదకరం. ఏరోబాటిక్ వర్గానికి అమెరికా చిన్న విమానాల నిబంధనలు (పార్ట్ 23) 2017 వరకు పెట్టిన భార పరిమితి ప్లస్ 6, మైనస్ 3 జీ (ఒక జీ అంటే విమానం మామూలు బరువంత భారం). విన్యాసాల్లో ఆ భారం మాటిమాటికీ దిశ మారుతుంది. బిగువెక్కువైన రిబ్బు తన వాటాకు మించిన భారాన్ని లాక్కుంటుంది, దాంతో పగులు పక్కనున్న పాత స్పార్ (రెక్క పొడవునా సాగే ప్రధాన దూలం) రివెట్ల దగ్గర మొదలవుతుంది.

రేకు '2024' అనే రకం అల్యూమినియం మిశ్రమమైతే, గట్టిపరచిన టీ3 స్థితిలో వంచడం కష్టం: 0.8 మి.మీ. రేకుకు వంపు వ్యాసార్ధం 3 మి.మీ.కు తగ్గకూడదు. లోతైన అంచులుంటే మెత్తని 'ఓ' స్థితి రేకు తీసుకుని, గట్టి చెక్క అచ్చు మీద చెక్క సుత్తితో కొద్దికొద్దిగా దించండి. వంచిన లోహం కొంత వెనక్కి లేస్తుంది కాబట్టి అచ్చు అంచును రెండు మూడు డిగ్రీలు లోపలికి చెక్కాలి. వంపు గీత, రేకును తయారీలో రోలర్ల మధ్య సాగదీసిన దిశకు అడ్డంగా ఉండేలా చూడండి. గీతలకు పెన్సిల్ వాడవద్దు, గ్రాఫైట్ అల్యూమినియాన్ని తినేస్తుంది. సూదితో గీస్తే పగులుకు దారి ఏర్పడుతుంది. స్కెచ్ పెన్ను చాలు. కోసిన అంచులన్నిటినీ ఆకురాయితో నున్నగా చేయాలి.

తరువాత, 'ఓ' స్థితిలో మలచిన భాగాన్ని గట్టిపరచడానికి సుమారు 493 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేసి వెంటనే చల్లని నీటిలో ముంచాలి. ఆ తరువాత కొద్దిసేపు మెత్తగానే ఉంటుంది. వంకరలు సరిచేయడానికి ఆ సమయమే అదను. పూర్తి బలానికి గది ఉష్ణోగ్రతలో నాలుగు రోజులు పడుతుంది. ఈ వేడి పనిని బెంగళూరులోని పీణ్యా పారిశ్రామిక వాడ లాంటి చోట చేయించేటప్పుడు కొలిమి ఉష్ణోగ్రత చార్టు అడిగి తీసుకోండి. అదే రేకు ముక్కను భాగంతో పాటే వేడి చేయించి, ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ఆమోదించిన ల్యాబులో గట్టిదనం, విద్యుత్ వాహకత పరీక్షించండి. భాగాన్ని కోయకుండానే దాని స్థితి తెలుస్తుంది.

రివెటింగ్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 3.2 మి.మీ. రివెట్ రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు 6.4 మి.మీ. దూరం ఉండాలి, రివెట్‌ను కొట్టాక రెండో చివర ఏర్పడే తల 4.8 మి.మీ. వెడల్పు, 1.6 మి.మీ. ఎత్తు వస్తే సరి. వీలైనంతవరకు స్పార్‌లోని పాత రంధ్రాలనే గైడుగా వాడి కొత్త రిబ్బుకు రంధ్రాలు వేయండి. భాగాన్ని రివెట్ చేయకముందే ప్రైమర్ పూసి, రేకు బ్యాచ్ నంబరు, కొలిమి చార్టు, ల్యాబు నివేదిక ఒకే రికార్డులో పెట్టండి.