ఫైలు పేరులో కోలన్ వద్దు

లైనక్స్‌లో చేసిన ఫైలును విండోస్ వాడేవాళ్లకు పంపే ముందు దాని పేరు ఒకసారి చూసుకోండి. పేరులో టైమ్ 10:30 అని ఉంటే లైనక్స్ ఏమీ అనదు, విండోస్ మాత్రం ఆ కోలన్‌ని ఒప్పుకోదు. ప్రశ్నార్థకం, స్టార్, డబుల్ కోట్స్, నిలువు గీత, బ్యాక్‌స్లాష్ కూడా అంతే. 10-30 అని రాస్తే ఏ గొడవా ఉండదు. తేదీ కూడా 2025-01-14 లాగా ఏడాదితో మొదలుపెడితే, పేర్ల వరసలో చూసినా ఫైళ్లు తేదీల వరసలోనే కనిపిస్తాయి.

ఇంగ్లిష్ పేర్లయితే అన్నీ చిన్న అక్షరాలే వాడండి. పెద్ద అక్షరంతో ఒక 'రిపోర్ట్', చిన్న అక్షరంతో ఇంకో 'రిపోర్ట్' ఉంటే లైనక్స్‌కి అవి రెండు ఫైళ్లు. విండోస్‌కి మామూలుగా ఒకటే. అక్కడికి కాపీ చేసేటప్పుడు ఒకదాని మీద ఇంకోటి పడి మొదటిది పోవచ్చు.

తెలుగులో పేరు పెట్టొచ్చా? భేషుగ్గా పెట్టొచ్చు, కాకపోతే పొట్టిగా ఉండాలి. లైనక్స్‌లో సాధారణంగా పేరుకి 255 బైట్లే హద్దు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ, పొల్లుకీ విడివిడిగా 3 బైట్లు పడతాయి. 'పెళ్లిపత్రిక' అన్న చిన్న మాటకే 36 బైట్లు! విండోస్ లెక్క వేరు కాబట్టి అక్కడ సరిపోయిన పొడుగాటి తెలుగు పేరు లైనక్స్‌లో ఎర్రర్ ఇవ్వొచ్చు.

పేరు చివర చుక్కగానీ ఖాళీగానీ మిగలకుండా చూడండి, విండోస్‌కి అదీ పడదు.