ప్రపంచ సంస్థల కాగితాలు చదవడం – ఐదవ పాఠం: గెలిచామంటే ఏ ప్రశ్న మీద గెలిచాం?

గత పాఠంలో అంతర్జాతీయ ద్రవ్య నిధి ఓట్ల పట్టికను చదవడం నేర్చుకున్నాం. ముఖ్యమైన మార్పు ఏది జరగాలన్నా 85 శాతం ఓట్లు పడాలనీ, అమెరికా ఒక్కదాని చేతిలోనే 16 శాతానికి పైగా ఉన్నందున అది కాదంటే పని ఆగిపోతుందనీ, భారతదేశం వాటా ఇప్పటికీ మూడు శాతం లోపే ఉందనీ లెక్క తేల్చాం. ఓట్ల బలం లేని దేశం తన మాట నెగ్గించుకోవడానికి వెళ్లగలిగిన మరో చోటు ప్రపంచ వాణిజ్య సంస్థలోని వివాద పరిష్కార వ్యవస్థ. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు, వాదనలు వింటారు. ఆ వ్యవస్థ ఇచ్చిన తీర్పు ప్రతిని చేతిలోకి తీసుకున్నప్పుడు దాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎలా చదవాలన్నదే ఈ పాఠం.

నేను నెల్లూరు దగ్గరి ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో ఎగుమతి పత్రాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. 2008 ఆగస్టులో, రొయ్యల మీద అమెరికా అడిగిన బాండు (సుంకం బాకీ పడితే కడతామన్న పూచీకత్తు) కేసులో భారతదేశం నెగ్గిందని పత్రికల్లో వచ్చిన వారంలో, ఇందుకూరుపేట వైపు నుంచి సరుకు తెచ్చిన రైతు ఒకాయన కాటా దగ్గర నన్ను ఆపి, “మనం కేసు గెలిచినామంట గదా సార్, కౌంటు రేటు ఒక్క రూపాయి కూడా పెరగలా, ఎందుకు?” అని అడిగాడు. కౌంటు రేటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధర. నా దగ్గర జవాబు లేదు. పత్రికలో వచ్చిన నాలుగు వాక్యాలే నేనూ చదివాను తప్ప తీర్పు ప్రతిని తెరిచి చూడలేదు. ఆయన ప్రశ్నకు జవాబు ఆ ప్రతిలోనే ఉంది. దాన్ని వెతికి తీయడమే మన సాధన.

ముందుగా కాగితం నుదుటిన ఉండే సంఖ్యను గుర్తుపట్టాలి. “డబ్ల్యూటీ/డీఎస్58/ఏబీ/ఆర్” అని ఉందనుకోండి. మొదటి రెండు అక్షరాలు సంస్థకు గుర్తు, డీఎస్ అంటే వివాద పరిష్కారం, 58 ఆ వివాదం వరుస సంఖ్య, ఏబీ అంటే అప్పీళ్ల మండలి, ఆర్ అంటే నివేదిక. ఏబీ లేకుండా వట్టి ఆర్ ఉంటే అది కింది మెట్టు అయిన ప్యానెల్ నివేదిక. వివాద సంఖ్య పక్కన వట్టి 1 ఉంటే అది తీర్పు కాదు, సంప్రదింపులకు పిలుస్తూ ఫిర్యాదు దేశం రాసిన తొలి ఉత్తరం. పత్రికల్లో “భారత్‌పై కేసు” అని పెద్ద అక్షరాలతో వచ్చే వార్తల్లో చాలావాటి వెనుక ఉండేది ఈ రెండు మూడు పేజీల ఉత్తరమే.

ఎగుమతి పనిలో ఉన్నవారికి ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. అమెరికాకు పోయే ప్రతి రొయ్యల కంటెయినరుతోపాటు మనం నింపి పంపే డీఎస్‌-2031 అనే పత్రంలో కూడా డీఎస్ ఉంటుంది గానీ, అది అమెరికా విదేశాంగ శాఖ పేరులోని పొడి అక్షరాలు. జెనీవాలోని వాణిజ్య సంస్థ డీఎస్‌తో దానికి పేరులో చుట్టరికం లేదు, విషయంలో మాత్రం చాలా దగ్గరి చుట్టరికం ఉంది. ఆ పత్రం ఏడో గడిలో, ఈ రొయ్యలు పట్టుబడికి ముందు కనీసం 30 రోజులు చెరువులో పెరిగినవని ధ్రువీకరించే చోటు ఒకటుంది. మా విభాగానికి కొత్తగా వచ్చిన కుర్రవాడొకడు ఒకసారి చెరువు సరుకుకు సముద్రపు రొయ్యల గడిలో టిక్కు పెట్టాడు. ఆ ఒక్క గీత సరిదిద్దించడానికి మేము పడిన అవస్థ తర్వాతే, అసలు ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారని నేను వెతకడం మొదలుపెట్టాను. వెతుక్కుంటూ పోతే తేలింది డీఎస్58, అంటే రొయ్యలు–తాబేళ్ల వివాదం.

కథ క్లుప్తంగా ఇది. రొయ్యల కోసం వేసే ట్రాలు వలల్లో సముద్రపు తాబేళ్లు చిక్కి ఊపిరాడక చనిపోతున్నాయని అమెరికా 1989లో ఒక చట్టం చేసింది. వలలో కడ్డీల చట్రం, దాని పక్కన తాబేలు బయటపడే కంత అమర్చని దేశాల సముద్రపు రొయ్యలను తాము కొనబోమన్నది దాని సారం. ఏటా జనవరి నుంచి మార్చి దాకా కొత్తపట్నం మొదలు తూపిలిపాలెం వరకు మన తీరం పొడవునా ఒడ్డుకు కొట్టుకువచ్చే తాబేళ్ల కళేబరాలను చూసినవారు ఆ చట్టం పుట్టిన కారణాన్ని తేలిగ్గా తీసిపారేయలేరు. మొదట కరీబియన్ ప్రాంతపు దేశాలకు వర్తించిన ఆ చట్టాన్ని, అక్కడి న్యాయస్థానం ఉత్తర్వు మీద 1996 మే నుంచి ప్రపంచమంతటికీ వర్తింపజేశారు. అదే ఏడాది అక్టోబరులో భారతదేశం, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ఫిర్యాదు చేశాయి. భారత్, పాకిస్తాన్ ఒకే కాగితం మీద ఒకే పక్షాన సంతకం చేసిన సందర్భాలు ఏరుకోవలసినన్ని ఉంటాయి, వాటిలో ఇదొకటి.

1998 అక్టోబరులో వచ్చిన అప్పీళ్ల మండలి నివేదిక చదవడమే ఈ పాఠంలోని మొదటి సాధన. తీర్పు ప్రతిని మొదటి పేజీ నుంచి చదవకండి. మొదటి సగం ఎవరేమి వాదించారో చెబుతుంది, అక్కడ ప్రతి దేశమూ నెగ్గుతున్నట్టే కనిపిస్తుంది. చివరి అధ్యాయానికి వెళ్లి, నిర్ధారణలు ఉన్న పేరాలు ముందు చదివి, అక్కడినుంచి వెనక్కి రావాలి. చివరి పేరాలు చూస్తే అమెరికా చర్య నిబంధనలకు విరుద్ధమనే ఉంటుంది, కాబట్టి మనం గెలిచాం. ఇప్పుడు వెనక్కి వచ్చి “ఎందుకని?” అని అడగండి.

మన దేశం ప్రధానంగా వాదించింది ఏమిటంటే, సరుకును ఏ పద్ధతిలో పట్టాలో కొనే దేశం అమ్మే దేశానికి శాసించకూడదు అని. కింది ప్యానెల్ దాదాపు ఆ వాదన వైపే మొగ్గింది. అప్పీళ్ల మండలి మాత్రం ప్యానెల్ చూపిన కారణాన్ని కొట్టివేసి, ఫలితాన్ని మాత్రం నిలబెట్టింది. తాబేళ్లను కాపాడటానికి ఇలాంటి చట్టం చేసుకోవచ్చునని ఒప్పుకుంటూనే, అమలులో వివక్ష ఉందని తప్పుపట్టింది. కరీబియన్ దేశాలకు మారడానికి మూడేళ్లు ఇచ్చి ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడం, వారితో కూర్చుని ఒప్పందం కుదుర్చుకుని మనతో ఆ ప్రయత్నమే గట్టిగా చేయకపోవడం, అమెరికా పద్ధతినే అచ్చంగా అనుసరించాలని పట్టుబట్టడం అది ఎత్తిచూపిన తప్పులు. అంటే కేసు గెలిచాం, అసలు వాదన పోగొట్టుకున్నాం.

దీని పర్యవసానం నిదానంగా వచ్చింది. అమెరికా చట్టాన్ని ఎత్తివేయలేదు, అమలు మార్గదర్శకాలను సవరించుకుంది. ఆ సవరణ చాలదని మలేసియా మళ్లీ వెళితే 2001లో తీర్పు అమెరికాకే అనుకూలంగా వచ్చింది. ఆ చట్టం కిందే 2019 నుంచి మన సముద్రపు రొయ్యలకు అమెరికా తలుపు మూసుకుంది. 1998 నివేదికను వెనుక నుంచి చదివినవారికి ఇది ఆశ్చర్యమనిపించదు. చెరువు రొయ్యలకు ఆ చట్టంతో ఇబ్బంది లేదు గనుక, ఏడో గడిలోని ఆ టిక్కు మీదే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎగుమతి నిలబడి ఉంది.

ఇక కాటా దగ్గర రైతు అడిగిన ప్రశ్నకు వద్దాం. అది డీఎస్345. భారత్ సహా ఆరు దేశాల రొయ్యలు తక్కువ ధరకు వచ్చి పడుతున్నాయని అమెరికా 2005 ఫిబ్రవరిలో యాంటీ డంపింగ్ సుంకం వేసింది. దానికి తోడు అక్కడి కస్టమ్స్ శాఖ, దిగుమతిదారు ముందు ఏడాది తెప్పించిన సరుకు విలువను సుంకం శాతంతో హెచ్చించి, వచ్చినంత మొత్తానికి బాండు ఇవ్వమంది. లెక్క కాగితం మీద వేసి చూడండి. సుంకం పది శాతం, ముందు ఏడాది దిగుమతి కోటి డాలర్లు అనుకుందాం. బాండు పది లక్షల డాలర్లు. మామూలు సరుకు తెప్పించేవాడికి యాభై వేల డాలర్ల బాండు సరిపోయే చోట ఇది ఇరవై రెట్లు. పైగా సుంకం తాలూకు నగదు విడిగా కట్టాలి. చిన్న దిగుమతిదారు మన సరుకంటేనే వెనకాడేవాడు.

2006 జూన్‌లో భారతదేశం ఫిర్యాదు చేసింది. థాయిలాండ్ కూడా విడిగా వెళ్లింది. 2008 ఫిబ్రవరిలో ప్యానెల్, జూలైలో అప్పీళ్ల మండలి తీర్పులిచ్చాయి. ఇక్కడ మీరు పట్టుకోవలసింది రెండు మాటల మధ్య తేడా. ఒక నిబంధన “తనంతట తానే” తప్పు అని వాదించడం వేరు, దాన్ని ఈ సరుకు మీద “ప్రయోగించిన తీరు” తప్పు అని వాదించడం వేరు. మొదటిది నెగ్గితే నిబంధన వేరుతో సహా పోతుంది, రెండోది నెగ్గితే కొమ్మ మాత్రమే విరుగుతుంది. మన గెలుపు ప్రధానంగా రెండో రకం. రొయ్యల మీద సుంకం శాతం ముందుముందు పెరిగే అవకాశం ఉందని అమెరికా చూపించలేకపోయింది గనుక అంత పెద్ద బాండు అడగడం సమంజసం కాదని తేలింది. 2009లో అమెరికా ఆ బాండును ఎత్తివేసింది.

మరి రేటు ఎందుకు పెరగలేదు? సుంకం న్యాయమా అన్యాయమా అని ఈ కేసులో ఎవరూ అడగలేదు. అడిగింది బాండు గురించి, దొరికింది బాండు గురించి. సుంకం అలాగే ఉంది, నేటికీ ఉంది. పైగా బాండు వల్ల తగ్గిన ఖర్చు ముందు చేరేది అమెరికా దిగుమతిదారుకు. అక్కడినుంచి మన కర్మాగారానికి, కర్మాగారం నుంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి చెరువు గట్టుకు అది దిగేసరికి కాటా మీద కనిపించేంత మిగలదు. ఆ పెద్దాయనకు ఈ జవాబు చెప్పే అవకాశం నాకు మళ్లీ రాలేదు.

ఇంతవరకు చూసిన రెండు కేసుల్లోనూ భారతదేశం ఫిర్యాదుదారు. ఎదుగుతున్న దేశానికి కాలం గడిచేకొద్దీ ఆ గదిలో కుర్చీ మారుతుంది. తన పరిశ్రమను తాను పోషించుకోగల స్థితికి వచ్చేసరికి ఇతరులు దాని మీద ఫిర్యాదు చేస్తారు. సౌర ఫలకాలు దేశంలో తయారైనవే వాడాలన్న నిబంధన మీద అమెరికా వేసిన డీఎస్456లో మనం 2016 సెప్టెంబరులో అప్పీలులోనూ ఓడిపోయాం. అదే నెలలో, అమెరికా రాష్ట్రాలు కూడా అదే పని చేస్తున్నాయంటూ డీఎస్510 వేశాం. ఇది ఎత్తుకు పైఎత్తు. 2023 జూన్‌లో రెండు దేశాలు ఈ రెంటితో కలిపి ఆరు వివాదాలను మాట్లాడుకుని ముగించుకున్నాయి.

చెరకు కేసు మరోలా నడిచింది. చెరకు రైతుకు మద్దతు పరిమితి దాటుతోందని బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా 2019లో ఫిర్యాదు చేస్తే, 2021 డిసెంబరులో ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెప్పింది. మనం అప్పీలు చేశాం. అప్పీలు వినేవారు అప్పటికి ఎవరూ లేరు. అప్పీళ్ల మండలిలో ఏడుగురు ఉండాలి, ఒక కేసు వినడానికి ముగ్గురు కావాలి. కొత్తవారి నియామకాన్ని అమెరికా వరుసగా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు 10న ఇద్దరి పదవీకాలం ముగిసి ఒక్కరే మిగిలారు, తర్వాత ఆ ఒక్కరూ దిగిపోయారు. డిసెంబరు 10న దిగిపోయిన ఇద్దరిలో ఒకరు మన దేశం నుంచి వెళ్లిన ఉజల్ సింగ్ భాటియా. అప్పీలు పూర్తయ్యేదాకా ప్యానెల్ నివేదికను, సభ్య దేశాలన్నీ కూర్చునే వివాద పరిష్కార మండలి ఆమోదించకూడదన్నది నియమం. వినేవారు లేరు గనుక అప్పీలు పూర్తికాదు, తీర్పు అమలుకు రాదు.

నియామకాలను అడ్డుకోవడం తప్పని సభలో గట్టిగా చెప్పిన దేశాల్లో భారతదేశం ఒకటి. ఆ ఖాళీని అవసరానికి వాడుకున్న దేశాల్లోనూ భారతదేశం ఒకటి. యూరోపియన్ యూనియన్, చైనా, బ్రెజిల్ వంటివి 2020లో తాత్కాలిక అప్పీళ్ల ఏర్పాటు ఒకటి చేసుకుంటే మనం అందులో చేరలేదు. దీన్ని కపటమని తేల్చేవారున్నారు, తెలివి అనేవారున్నారు. నా మటుకు నాకు, మన ఈ వైఖరికి మూల్యం ఉందనిపిస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ముత్తుకూరు నుంచి సింగరాయకొండ దాకా ప్రతి చెరువు గట్టు మీదా “జెనీవాకు పోకూడదా?” అన్న ప్రశ్న వినిపించింది. పోవచ్చు, ప్యానెల్ ముందు గెలవనూ వచ్చు. అప్పుడు అప్పీలు చేసి కాగితాన్ని అటకెక్కించే వెసులుబాటు అమెరికాకూ ఉంది.

ఈ వారం అభ్యాసం: డీఎస్579 (చెరకు కేసులో బ్రెజిల్ ఫిర్యాదు) పత్రాల జాబితా తెరవండి. ఫిర్యాదు ఉత్తరంలో బ్రెజిల్ అడిగిన ప్రశ్నలను, ప్యానెల్ నివేదిక చివరి అధ్యాయంలోని నిర్ధారణలను పక్కపక్కన రెండు నిలువు వరుసల్లో తెలుగులో రాయండి. ఎడమ వరుసలో ఉండి కుడి వరుసలో జవాబు లేని ప్రశ్న ఏదైనా ఉంటే దాని కింద గీత గీయండి. ఎన్ని చెరకు సీజన్లను లెక్కలోకి తీసుకున్నారో విడిగా రాసుకోండి. అరపేజీ దాటనివ్వకండి. వచ్చే పాఠంలో చేపల వేట సబ్సిడీల ముసాయిదాను తీసుకుని, అందులో చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్న మాటలను ఎలా చదవాలో చూద్దాం. జువ్వలదిన్నె హార్బరులో పడవ కట్టుకునేవారికి పనికివచ్చే అంకె ఒకటి, సబ్సిడీలు కొనసాగించుకోవడానికి మనం అడిగిన 25 ఏళ్ల గడువు, ఆ చర్చలోనిదే.