జీతం పెంచితే కుర్రోళ్ల ఉద్యోగాలు పోతాయా? లెక్క మనమే చూసుకోవడం ఎలా

పర్లాకిమిడి బజార్లో బట్టల షాపుల్లో, మొబైల్ షాపుల్లో పనిచేసే పిల్లలు జీతం సంగతి ఎత్తితే చాలు, "గవర్నమెంటు రేటు ఇవ్వమంటే ఉన్న పని కూడా పోతాది" అనే మాట వినబడుతుంది, పాతపట్నం వైపు వెళ్లినా అదే మాట. పైగా ఫోన్లో ఏదో వీడియో చూపించి ఫలానా దేశంలో అలాగే అయిందంటారు. గవర్నమెంటు రేటు అంటే ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదని ప్రభుత్వం పెట్టే కనీస వేతనం. ఆ మాటకి భయపడి తక్కువ జీతానికి తలూపే ముందు అది ఎంతవరకు నిజమో చూసుకోవాలి, అది ఎలాగో చెప్తాను, డిగ్రీలో ఎకనామిక్స్ చదివేవాళ్లకి ప్రాజెక్టుకి కూడా పనికొస్తుంది.

ముందు నిరుద్యోగం శాతం దేని మీద కట్టారో చూడండి. మీ వీధిలో 20 ఏళ్ల కుర్రోళ్లు పది మంది ఉన్నారనుకోండి, ఐదుగురు కాలేజీలో ఉన్నారు, ముగ్గురు పనిలో ఉన్నారు, ఒకడు పని వెతుకుతున్నాడు, ఒకడు వెతికి వెతికి విసిగి మానేశాడు. పదిమందిలో ఒకడు కాబట్టి పది శాతం అనుకుంటాం, కానీ పని చేసేవాళ్లని, వెతికేవాళ్లని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు, అంటే నలుగురిలో ఒకడు, 25 శాతం. రేపు ఆ ఒక్కడు కూడా వెతకడం మానేస్తే నిరుద్యోగం సున్నా, ఎవరికీ ఒక్క ఉద్యోగం రాకుండానే! అందుకే చదువూ లేక పనీ లేక ఉన్నవాళ్లు ఎంతమంది అనే లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి, ఇక్కడైతే అది పదిలో ఇద్దరు. వయసు కూడా చూడండి, అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కలో యువత అంటే 15 నుంచి 24, మన దేశం సర్వేల్లో ఎక్కువగా 15 నుంచి 29, ఈ రెండూ పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పే.

జీతాన్ని డాలర్ల నుంచి రూపాయల్లోకి మార్చి పోల్చొద్దు. ఆ దేశంలో పనిచేసేవాళ్లందర్నీ జీతం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడికి ఎంత వస్తుందో, దాంట్లో కనీస వేతనం ఎంత వంతో చూడాలి. కుర్రోళ్లకి వేరే రేటు ఉందా అన్నది కూడా. బ్రిటన్ 1999 ఏప్రిల్లో కనీస వేతనం మొదలుపెట్టినప్పుడు గంటకి 3.60 పౌండ్లు, 18 నుంచి 21 వయసు వాళ్లకి మాత్రం 3 పౌండ్లే. జర్మనీ 2015లో 8.50 యూరోలు పెట్టింది గానీ అప్రెంటిస్‌లకి అది వర్తించదు, అక్కడ కుర్రోళ్ల నిరుద్యోగం తక్కువ ఉండటానికి పని చేస్తూనే పని నేర్చుకునే ఆ పద్ధతే పెద్ద కారణం.

అసలు ముఖ్యమైంది, ఆ ఏడాది ఆ దేశంలో ఇంకేం జరిగిందో అడగడం. గ్రీసు 2012లో అప్పుల సంక్షోభంలో పడి కనీస వేతనం 22 శాతం కోసేసింది, 25 ఏళ్ల లోపు వాళ్లకైతే ఏకంగా 32 శాతం. జీతం తగ్గితే ఉద్యోగాలు వస్తాయన్న మాటే నిజమైతే అక్కడ కుర్రోళ్లకి పనులు దొరకాలి కదా, కానీ 2013లో కూడా వాళ్ల నిరుద్యోగం 50 శాతం పైనే ఉంది, ఎందుకంటే కొనేవాడి చేతిలో డబ్బుల్లేవు, షాపులే మూతబడ్డాయి. 2019లో కుర్రోళ్ల తక్కువ రేటు తీసేసి జీతం పెంచారు, ఆ తర్వాతి ఏళ్లలో నిరుద్యోగం తగ్గింది. దక్షిణాఫ్రికా 2019 జనవరిలో గంటకి 20 ర్యాండ్ల కనీస వేతనం తెచ్చింది, అక్కడ సగం మందికి పైగా కుర్రోళ్లకి పని లేకపోవడం అంతకు ముందు నుంచీ ఉన్నదే, ఆ నేరం చట్టం మీద వేయలేం.

అలాగని జీతం పెరిగితే ఎప్పుడూ ఏమీ కాదు అని కూడా అనకండి, అదీ అబద్ధమే. డెన్మార్క్‌లో 18 నిండగానే యూనియన్లు, యజమానులు చేసుకున్న ఒప్పందాల ప్రకారం గంట జీతం దాదాపు 40 శాతం ఎగురుతుంది, సరిగ్గా ఆ వయసు దగ్గరే పనిలో ఉన్నవాళ్లు మూడో వంతు తగ్గిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం చూపించింది. ఒక్క పుట్టినరోజుతో అంత తేడా వస్తే యజమాని 17 ఏళ్లవాడినే పెట్టుకుంటాడు మరి.

నాకైతే దేశానికి దేశాన్ని పోల్చడం కన్నా బోర్డరు అటూ ఇటూ చూడటమే నమ్మకం. అమెరికాలో 1992 ఏప్రిల్లో న్యూజెర్సీ 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది, పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు, కార్డ్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండువైపులా 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లని పెంపుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అడిగి చూస్తే న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. దాని మీద వేరేవాళ్లు గట్టిగానే వాదించారు గానీ ఆ పద్ధతి నిలబడింది, కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది.

మనకీ అలాంటి చోటే ఉంది. మహేంద్రతనయ నదికి ఇటు పర్లాకిమిడి ఒడిశా, అటు పాతపట్నం ఆంధ్రా, కనీస వేతనాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం విడిగా ప్రకటిస్తుంది, కొనేవాళ్లు మాత్రం రెండువైపులా ఒకళ్లే. చెయ్యాలనుకుంటే ముందు రెండు రాష్ట్రాల కార్మిక శాఖల తాజా నోటిఫికేషన్లు తీసి, షాపు పనికి మూల వేతనం, దాని మీద డీఏ (కరువు భత్యం) కలిపి రోజుకి ఎంతో రాసుకోండి. తర్వాత రెండు బజార్లలో ఒకేలాంటి షాపులు ఎంచుకుని, 25 లోపు వాళ్లు ఎంతమంది, ఎన్ని గంటలు, చేతికి ఎంత వస్తుందో రాసుకోండి, చేతికి ఎంత అన్నది మర్చిపోవద్దు, కాగితం మీద రేటు పెరిగి చేతికి పెరగకపోతే ఆ పెంపు గురించి ఈ లెక్క ఏమీ చెప్పదు. ఒకవైపు రేటు మారాక కొన్ని నెలలు ఆగి అవే షాపులకి మళ్లీ వెళ్లండి, మూతబడిన షాపుని కూడా లెక్కలో ఉంచండి. జీతం సంగతి ఓనరు ఎదురుగా అడగొద్దు, పిల్లలు నిజం చెప్పలేరు, షాపు కట్టేశాక టీ బండి దగ్గర అడగండి, పేర్లు మాత్రం ఎక్కడా రాయకండి.